ఎముక విరిగేదాకా ఆగమంటారా?



మన సంఘం ఆఫీసుకు వచ్చే రిటైరైన కార్మికుల చేతుల్లో ఒకప్పుడు గ్రాట్యుటీ కాగితాలు, ప్రావిడెంటు ఫండు కాగితాలు ఉండేవి. ఇప్పుడు వాటితోపాటు ఎక్స్‌రే కవర్లు కూడా వస్తున్నాయి. మోరీలో జారి తుంటి ఎముక విరిగినవారు, చాళ్ మెట్ల మీద కాలు తప్పి మణికట్టు విరిగినవారు, నీళ్ల బిందె ఎత్తబోయి వెన్నుపూస నలిగినవారు వస్తున్నారు. వీరెవరూ మేడ మీదనుంచి పడలేదు. లారీ గుద్దలేదు. నిలుచున్న చోటే పడ్డారు, అంతే. నిలుచున్న ఎత్తునుంచి పడితేనే ఎముక విరిగిందంటే అది అంతకుముందే గుల్లబారి ఉండవచ్చని అర్థం. ఆ సంగతి ముందుగా చూసినవాడు లేడు, చెప్పినవాడు లేడు. విరిగిన తర్వాత మాత్రం ఆపరేషను అంటారు, రాడ్డు అంటారు, బిల్లు అంటారు.

ఈ పద్ధతి మారాలని మేము అంటున్నాము. యాభై దాటిన ప్రతి మిల్లు కార్మికుడికీ, కార్మికురాలికీ, సాంచా కార్మికుడికీ ఎముకల బలహీనత ఎంత ఉందో, విరిగే ప్రమాదం ఎంత ఉందో ఉచితంగా తేల్చి చెప్పాలి. ఇది ఎవరి దయాధర్మమూ కాదు. జీతంలోంచి ఈ.ఎస్.ఐ. చందా కోయించుకున్నవాడు అడుగుతున్న లెక్క ఇది.

ఇప్పుడే ఎందుకు అని అడిగేవారికి ఒక మాట. 1982 జనవరి 18న బొంబాయి మిల్లుల్లో సమ్మె మొదలైనప్పుడు సుమారు రెండున్నర లక్షల మంది పని ఆపారు. కామాటిపురా నుంచి, వర్లీ చాళ్ల నుంచి మన తెలుగువాళ్లూ అందులో నిలబడ్డారు. ఆనాటి పాతికేళ్ల కుర్రవాడు నేడు డెబ్భైకి దగ్గరపడ్డాడు. సోలాపూరులో మూతబడిన మిల్లుల కార్మికులు, భివండీలో పన్నెండేసి గంటలు సాంచాల మధ్య నడిచినవారు, వారి ఇళ్లలో బీడీలు చుట్టిన, కండెలు చుట్టిన ఆడవాళ్లు, ఒక తరం మొత్తం ఎముకలు విరిగే వయసులోకి ఒక్కసారిగా వచ్చి పడింది.

జబ్బు ఏమిటి?

వైద్యులు దీనిని ఆస్టియోపోరోసిస్ అంటారు. మన భాషలో ఎముక గుల్లబారడం. మనకు తెలిసిన పనితో చెప్పుకుంటే సులువు. అంగుళానికి ఇన్ని పోగులు అని లెక్క కట్టి నేసిన బట్ట ఒకటి, అదే పొడుగు అదే వెడల్పుతో పోగులు తగ్గించి నేసిన బట్ట ఒకటి. తాను చుట్టి బల్లమీద పెడితే రెండూ ఒకటిగానే కనబడతాయి. గుంజి చూసినప్పుడు రెండోది చిరుగుతుంది. ఎముక కూడా అంతే. శరీరం పాత ఎముకను కరిగిస్తూ కొత్త ఎముకను కడుతూ ఉంటుంది. వయసు మీరిన తర్వాత, ముఖ్యంగా ఆడవారికి ముట్లు ఆగిపోయిన తర్వాత, కరిగేది ఎక్కువై కట్టేది తక్కువవుతుంది.

ఇందులో ఉన్న మోసం ఏమిటంటే, విరిగేదాకా నొప్పి ఉండదు. మోకాళ్ల నొప్పులు ఉన్నాయి కాబట్టి నాకు ఈ జబ్బు ఉందని కొందరూ, ఏ నొప్పీ లేదు కాబట్టి నాకు లేదని కొందరూ అనుకుంటున్నారు. రెండూ తప్పే. మోకాళ్ల నొప్పి సాధారణంగా కీళ్ల అరుగుదల, అది వేరు. వెన్నుపూసలు నలిగినా చాలామందికి తెలియనే తెలియదు. నడుము పట్టేసిందని నూనె రాసుకుని ఊరుకుంటారు. నాలుగేళ్లు పోయాక చూస్తే మనిషి పొట్టివాడై, గూనివాడై ఉంటాడు.

తుంటి ఎముక సంగతి మరీ ఘోరం. తుంటి విరిగిన ముసలివారిలో ఏడాది తిరగకుండానే సుమారు ఐదుగురిలో ఒకరు చనిపోతున్నారని పాశ్చాత్య దేశాల లెక్కలు చెబుతున్నాయి. ఆపరేషన్లూ, నర్సులూ, పింఛన్లూ ఉన్న దేశాల సంగతి అది. పది అడుగుల గదిలో ఐదుగురు ఉండే మన చాళ్లలో మంచాన పడ్డ మనిషి గతి ఏమిటో వేరే చెప్పాలా? అతన్ని కనిపెట్టుకుని కూర్చోవడానికి కోడలు పని మానాలి, లేదా మనవరాలు బడి మానాలి. అక్కడితో ఇంటికి రెండో జీతం పోతుంది.

మిల్లుకూ ఎముకకూ సంబంధం

"ముసలితనంలో అందరికీ వచ్చేదే కదా, దీనికి మిల్లు ఏం చేసింది?" అని యాజమాన్యాలు అడుగుతాయి. చెబుతాము వినండి.

మొదటిది పత్తి దుమ్ము. బ్లో రూములో, కార్డింగు ఖాతాలో ఏళ్ల తరబడి పనిచేసినవారికి ఛాతీ బిగింపు, ఆయాసం వస్తాయి. వారం సెలవు తర్వాత పనికి వచ్చిన రోజున ఛాతీ పట్టేయడం దీని మొదటి గుర్తు. బిసినోసిస్ అనే ఈ జబ్బును చట్టం కూడా వృత్తి వ్యాధిగా ఒప్పుకుంది. ఆయాసం పట్టినవాడు ఏం చేస్తాడు? పెద్దాసుపత్రిలో రోజంతా వరుసలో నిలబడితే పగారు పోతుంది. మందుల షాపుకు పోతాడు. అక్కడ ఇచ్చే చిన్న మాత్రల్లో తరచుగా ఉండేది స్టెరాయిడు. వేసుకున్న రోజున ఊపిరి తేలికవుతుంది, కీళ్ల నొప్పి కూడా తగ్గుతుంది. అందుకని నెలల తరబడి, ఏళ్ల తరబడి అవే కొంటాడు. ఆ మాత్ర లోపల ఎముకను తింటూ ఉంటుంది. ప్రెడ్నిసొలోన్ రోజుకు 5 మిల్లీగ్రాముల చొప్పున మూడు నెలలు దాటి వాడినవారికి ఎముక విరిగే ప్రమాదం పెరుగుతుందని వైద్యుల లెక్కల్లోనే ఉంది. దుమ్ము మిల్లుది, ఆయాసం మిల్లుది. మరి ఎముక ఎవరిది? ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఈ మాత్రలు చాలాకాలంగా వేసుకుంటున్నవారు ఇది చదివి ఒక్కసారిగా మానేయవద్దు. అలా మానితే ప్రాణం మీదికి రావచ్చు. వైద్యుడి దగ్గరకు వెళ్లి మెల్లగా తగ్గించుకోవాలి.

రెండోది ఎండ. ఎముకకు కాల్షియం పట్టాలంటే విటమిన్ డి కావాలి, అది ఒంటికి ఎండ తగిలితే తయారవుతుంది. నూలు తెగకుండా తేమ నిలపడానికి కిటికీలు మూసిన షెడ్డులో పగలంతా పనిచేసినవాడికి, రాత్రి పాళీ చేసి పగలు పడుకున్నవాడికి ఎండ ఎక్కడిది? తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు 2000 తర్వాతి సంవత్సరాల్లో మన తెలుగు ప్రాంతపు జనాన్ని పరీక్షించి ఎండలో పనిచేసే పల్లె ప్రజల్లోనే ఈ లోపం ఉందని, పట్టణాల్లో ఇంకా ఎక్కువని రాశారు. పొలంలో ఉన్నవాడికే చాలకపోతే షెడ్డులో ఉన్నవాడి మాట ఏమిటి?

మూడోది తిండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. ముట్లు ఆగిన ఆడవారికి 1200 కావాలి. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 ఉంటుంది. మన పెద్దవాళ్లు రాగి సంకటి తినేవారు, జొన్నరొట్టెతో మజ్జిగ తాగేవారు. మనం కంట్రోలు బియ్యం, పలచని చారు, పని మధ్యలో నాలుగు కప్పుల చాయ్ మీద బతుకుతున్నాము. పాలు పిల్లలకే చాలవు.

నాలుగోది మన ఆడవారి సంగతి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవారిలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 మంది, తెలంగాణలో 7.7 మంది. తెల్లబట్ట అవుతోందని, నడుము నొప్పి అని పోయినవారికి కూడా ప్రైవేటు ఆసుపత్రులు ఈ కోత కోశాయి. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై అయిదేళ్లకే ముట్లు ఆగినంత పని అవుతుంది, ఎముక కరగడం అప్పుడే మొదలవుతుంది. ఊళ్లో ఆపరేషను చేయించుకుని వచ్చి మన సాంచాల ఊళ్లలో బతుకుతున్న అక్కచెల్లెళ్లు ఎందరో ఉన్నారు. వారికి అరవై వచ్చేదాకా ఆగమనడం అన్యాయం.

అయిదోది నల్లగొండ, ప్రకాశం వైపు నుంచి వచ్చినవారికి ప్రత్యేకం. ఫ్లోరైడు నీళ్ల వల్ల ఎముకలు పాడయ్యే జబ్బును 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో వైద్యులు గుర్తించారు. నల్లగొండ బాధ అందరికీ తెలిసిందే. ఫ్లోరైడు పట్టిన ఎముకను యంత్రంలో చూస్తే సాంద్రత ఎక్కువగా, గట్టిగా ఉన్నట్టు కనబడవచ్చు. నిజానికి దాని నాణ్యత చెడి ఉంటుంది. కాబట్టి అలాంటి ఊళ్లలో పెరిగినవారు పరీక్షకు పోయినప్పుడు ఆ సంగతి వైద్యుడికి తప్పక చెప్పాలి.

పరీక్ష ఎలా ఉంటుంది?

అసలైన పరీక్ష పేరు డెక్సా. బల్లమీద పడుకోబెట్టి చాలా కొద్దిపాటి ఎక్స్‌రేతో నడుము, తుంటి ఎముకల సాంద్రత కొలుస్తారు. సూది ఉండదు, నొప్పి ఉండదు. వచ్చిన అంకెను ఆరోగ్యవంతులైన యువజనుల ఎముకతో పోల్చి చూస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో చెప్పిన ప్రకారం అది మైనస్ 2.5 గానీ అంతకంటే కిందికి గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్ అంటారు.

ఈ యంత్రం అన్ని ఊళ్లలో లేదు, ప్రైవేటులో చేయించుకుంటే కొన్ని రోజుల కూలి పోతుంది. అందుకని ముందు ఎవరికి అవసరమో తేల్చే పద్ధతులు ఉన్నాయి. ఇంగ్లండులోని షెఫీల్డు విశ్వవిద్యాలయంవారు 2008లో ఫ్రాక్స్ అనే లెక్క తయారుచేశారు. వయసు, బరువు, ఎత్తు, ఇదివరకు ఎముక విరిగిందా, తల్లికి గానీ తండ్రికి గానీ తుంటి విరిగిందా, పొగ తాగుతారా, మద్యం ఎంత, స్టెరాయిడు వాడారా, కీళ్లవాతం ఉందా, ఇలాంటి ప్రశ్నలు అడిగి రాబోయే పదేళ్లలో ఎముక విరిగే అవకాశం ఎంతో చెబుతారు. భారతదేశానికి కూడా ఆ లెక్క ఉంది. ఖర్చు ఏమీ లేదు. అడిగే మనిషి, రాసే కాగితం ఉంటే చాలు.

ఇంకా సులువైనది ఒకటి ఉంది. ముట్లు ఆగిన ఆసియా దేశాల స్త్రీల మీద 2001లో తయారుచేశారు. మీ వయసులోంచి మీ బరువు కిలోలను తీసివేయండి. మిగిలింది 20 దాటితే ప్రమాదం ఎక్కువ. 5 నుంచి 20 మధ్య ఉంటే మధ్యస్తం. 5 కంటే తక్కువైతే ప్రమాదం తక్కువ. 66 ఏళ్ల అవ్వ బరువు 44 కిలోలైతే మిగిలేది 22. ఆమెకు డెక్సా పరీక్ష కావాలి. 58 ఏళ్ల అక్క 48 కిలోలుంటే మిగిలేది 10. ఆమెను మిగతా ప్రశ్నలు కూడా అడిగి తేల్చాలి. ఇది రోగం ఉందని చెప్పే లెక్క కాదు, ఎవరిని ముందు పంపాలో చెప్పే లెక్క. మగవారికి ఇదొక్కటే చాలదు.

మరొకటి. చేతులు రెండు పక్కలకు చాపితే ఒక వేలి కొసనుంచి మరో వేలి కొసదాకా ఉండే దూరం ఇంచుమించు పడుచుతనంలోని ఎత్తుతో సమానం. ఇప్పటి ఎత్తు దానికంటే బాగా తగ్గి ఉంటే వెన్నుపూసలు నలిగాయేమో చూపించుకోవాలి.

అన్నిటికంటే పెద్ద గుర్తు, యాభై దాటాక చిన్న దెబ్బకే ఒకసారి ఎముక విరిగి ఉండటం. ఒకసారి విరిగినవారికి మళ్లీ విరిగే అవకాశం ఎక్కువ. మనవాళ్లు విరగ్గానే పుత్తూరు కట్టుకు పోయినా, ప్రభుత్వ ఆసుపత్రిలో ప్లాస్టరు వేయించుకున్నా ఎముక అతుకుతుంది. విరగడానికి ఉన్న కారణం అలాగే ఉండిపోతుంది. ప్లాస్టరు తీసిన రోజున "ఇది ఎందుకు విరిగింది?" అని ఒక్క ప్రశ్న అడిగే ఆసుపత్రి కావాలి మనకు.

వారి వాదాలు, మా జవాబులు

ఒక వాదం: "అందరికీ పరీక్ష చేస్తే లాభం లేదని విదేశాల్లో తేలింది కదా?" పూర్తిగా చెప్పమంటాము. ఇంగ్లండులో 70 నుంచి 85 ఏళ్ల మధ్యనున్న 12,483 మంది స్త్రీలతో ఒక పెద్ద పరిశోధన చేసి 2018లో ఫలితం ప్రకటించారు. ఫ్రాక్స్ లెక్కతో ఏరి, అవసరమైనవారికి వైద్యం సూచించారు. మొత్తం మీద అన్ని రకాల ఎముకలు విరగడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, నిజమే. తుంటి విరగడం మాత్రం నూటికి 28 వంతులు తగ్గింది. మనిషిని మంచాన పడేసేది తుంటి ఎముకే కదా? అమెరికాలో ప్రభుత్వానికి సలహా చెప్పే నిపుణుల బృందం 2025 జనవరిలో కూడా 65 దాటిన స్త్రీలందరికీ, అంతకంటే చిన్నవారైనా ముట్లు ఆగి ప్రమాదం ఉన్నవారికీ పరీక్ష చేయాలనే చెప్పింది. మగవారి విషయంలో ఆధారాలు చాలవని అదే బృందం అన్నది. మేమూ మగవారందరినీ యంత్రం ఎక్కించమనడం లేదు. దుమ్ము పీల్చి, స్టెరాయిడు మింగి, బీడీ తాగి, 45 కిలోలకు దిగిన మిల్లు కార్మికుణ్ణి మామూలు మగవాళ్ల లెక్కలో కలిపి వదిలేయవద్దంటున్నాము. ముందు ప్రశ్నలు, తర్వాత అవసరమైనవారికే డెక్సా. ఇందులో దుబారా ఎక్కడుంది?

ఇంకో వాదం: "65 దాటాక చూద్దాం." మన దేశంలో తుంటి విరగడం పాశ్చాత్య దేశాలకంటే దాదాపు పదేళ్లు ముందుగానే కనబడుతోందని మన ఎముకల వైద్యులే చాలాకాలంగా అంటున్నారు. వాళ్ల గడియారం చూసి మన పాళీ మార్చుకోవడం కుదరదు.

మరో వాదం: "వృద్ధులకు ప్రభుత్వం అయిదు లక్షల బీమా ఇచ్చింది కదా?" ఇచ్చింది. 2024 అక్టోబరు 29 నుంచి డెబ్భై దాటినవారికి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ కార్డు అన్నారు. అది ఆసుపత్రిలో చేరినవారి కోసం. తుంటి విరిగి చేరితే డబ్బు వస్తుంది. విరగకుండా చేసే పరీక్షకు, వారానికి ఒక మాత్రకు రాదు. 30 దాటినవారికి ఊరూరా చేసే జాతీయ కార్యక్రమంలో బి.పి., షుగరు, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు చూస్తారు. మంచిదే. ఎముకను ఆ జాబితాలో చేర్చలేదు. మగ్గానికి నూనె వేయడానికి పైసా లేదు, విరిగాక కొత్తది కొనడానికి మాత్రం డబ్బుందట!

ఇక మనలో మనం అనుకునే మాట: "పగారు పెంచలేదు, బోనసు ఇవ్వలేదు, ఇప్పుడు ఎముకల గొడవ ఏమిటి?" ఈ మాట అనే తమ్ముళ్లను ఒకటి అడుగుతాము. ప్రావిడెంటు ఫండు పెన్షనుకు కనీసం వెయ్యి రూపాయలని 2014 సెప్టెంబరులో కట్టారు. ఆ వెయ్యితో బతకవలసిన మనిషికి తుంటి విరిగితే, నువ్వు పోరాడి తెచ్చుకున్న పగారు పెంపు ఎన్నాళ్లు నిలుస్తుంది? నాన్న మంచాన పడితే ఖర్చు కొడుకు పగారులోంచే పోతుంది. ఇది కూడా పగారు పోరాటమే.

శిబిరాల పేరుతో జరిగేది

పరీక్ష కావాలని అంటున్నాము కాబట్టి ఎవరు ఏ పరీక్ష పెట్టినా చెయ్యి చాపుతామనుకోవద్దు. మా ప్రాంతంలో ఒక మిల్లులో మందుల కంపెనీవారితో కలిసి గేటు లోపల ఉచిత ఎముకల శిబిరం పెట్టారు. మడమను చిన్న యంత్రంలో పెట్టించి చీటీ మీద అంకె రాసిచ్చారు. తక్కువ వచ్చినవారిని కాల్షియం డబ్బా కొనమన్నారు. మడమ మీద చేసే ఆ శబ్ద తరంగాల పరీక్షతో జబ్బు ఉందని గానీ లేదని గానీ తేల్చడానికి లేదు. మైనస్ 2.5 అనే గీత డెక్సా పరీక్షకు గీసింది. అయినా డబ్బాలు అమ్ముడుపోయాయి.

తర్వాత జరిగింది ఇంకా అన్యాయం. ఆ చీటీల నకళ్లు మేనేజరు బల్లమీదికి చేరాయి. అంకె తక్కువ వచ్చిన బదిలీ కార్మికులకు పిలుపులు తగ్గాయి. అడిగితే "పని లేదు" అన్నారు. పక్క ఖాతాలోకి కొత్తవాళ్లను తెచ్చుకున్నారు. అంటే ముప్పై ఏళ్లు పిండుకుని, ఎముక సన్నబడగానే బయటికి నెట్టడానికి పరీక్షను జల్లెడగా వాడుకున్నారన్నమాట.

ఇలాంటిది జరుగుతుందనే భయంతో మన కార్మికులు పరీక్ష అంటేనే పారిపోతున్నారు. వారి భయం న్యాయమైనదే. అందుకే పరీక్షతోపాటు రక్షణ కూడా రాతపూర్వకంగా కావాలి. ఫలితం కార్మికుడి చేతికి రావాలి, వైద్యుడి పుస్తకంలో ఉండాలి, మేనేజరు బల్లమీద ఉండటానికి వీల్లేదు. బీములు ఎత్తే పని, బేళ్లు మోసే పని చేయరాదని వైద్యుడు రాస్తే పగారు తగ్గించకుండా తేలిక పని ఇవ్వాలి.

చట్టంలో సందు

2025 నవంబరు 21 నుంచి కేంద్ర ప్రభుత్వం నాలుగు లేబర్ కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. కార్మిక సంఘాల్లో అనేకం వాటిని వ్యతిరేకించాయి, కారణాలు మీకు తెలుసు. కరెంటుతో నడిచే ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి పది మంది చాలునన్న పాత లెక్కను ఇరవైకి పెంచారు. అసలే పదేసి సాంచాలను భార్య పేరున, బావమరిది పేరున విడగొట్టి చట్టానికి చిక్కకుండా తిరిగే సేఠ్‌లకు ఇది పండగే.

అయితే అదే కోడ్‌ల గురించి ప్రభుత్వం గొప్పగా చెప్పుకున్న మాట ఒకటుంది. 40 దాటిన కార్మికులకు ఏటా ఒకసారి యాజమాన్యం ఉచితంగా వైద్య పరీక్ష చేయించాలని. మంచిది. ఆ పరీక్షలో ఏముండాలి? బరువు తూచి, బి.పి. చూసి, సంతకం పెట్టించుకుని పంపిస్తే పరీక్ష అయిపోయినట్టేనా? కోడ్‌లను ఎదిరిస్తూనే, వాళ్ల నోటితో వాళ్లే అన్న మాటను వాళ్ల చేత అమలు చేయించాలి. మా డిమాండ్లు ఇవి:

1. ఏటా జరిగే ఉచిత వైద్య పరీక్షలో 50 దాటినవారందరికీ, ముట్లు ఆగిన లేదా అండాశయాలు తీసిన స్త్రీలకు ఏ వయసులోనైనా, ఎముక విరిగే ప్రమాదం లెక్కకట్టాలి. ఎత్తు, బరువు ఏటా రాయాలి.

2. ప్రమాదం ఎక్కువని తేలినవారికి ఈ.ఎస్.ఐ. ఆసుపత్రి ద్వారా డెక్సా పరీక్ష ఉచితంగా చేయించాలి. యంత్రం లేనిచోట బయట చేయించి డబ్బు ఈ.ఎస్.ఐ. కట్టాలి.

3. 50 దాటినవారికి చిన్న దెబ్బతో ఎముక విరిగితే, కారణం తేల్చకుండా ఆసుపత్రి నుంచి పంపరాదు.

4. మందులు తెగిపోకుండా ఇవ్వాలి. వారానికి ఒకసారి వేసుకునే అలెండ్రోనేటు వంటి మాత్రలను మన దేశపు కంపెనీలు అనేకం తయారు చేస్తున్నాయి. మూడు నెలలు ఇచ్చి ఆరు నెలలు స్టాకు లేదంటే కుదరదు.

5. పత్తి దుమ్ముతో ఆయాసం వచ్చినవారి జాబితా తయారుచేసి, స్టెరాయిడు వాడినవారందరికీ ముందుగా పరీక్ష చేయాలి.

6. ఫలితం గుప్తంగా ఉంచాలి. దాని ఆధారంగా ఎవరినీ తొలగించరాదు, పిలుపు ఆపరాదు.

7. షెడ్డు నేలమీద నూనె, నూలు చెత్త లేకుండా చూడాలి. మెట్లకు పట్టుకునే కడ్డీ, దీపం, పాయిఖానా దగ్గర పట్టు ఉండాలి. పడకపోతే విరగదు.

8. మూతబడిన మిల్లుల కార్మికులను, చిన్న సాంచా కార్ఖానాల కార్మికులను, వారి భార్యలను కూడా ఇందులో చేర్చాలి.

ఎనిమిదో డిమాండుతో కలిపి ఒక సంగతి గుర్తుచేస్తాము. కనీసం అయిదేళ్లు ఈ.ఎస్.ఐ.లో ఉండి రిటైరైన కార్మికుడు ఏడాదికి 120 రూపాయలు కట్టి తనకూ తన భార్యకూ వైద్యం పొందే వీలు ఈ.ఎస్.ఐ. నిబంధనల్లో పెట్టారు. వీ.ఆర్.ఎస్. తీసుకున్నవారికీ అది వర్తించింది. చాలామంది రిటైరైన రోజునే కార్డు ఇంట్లో పడేసి మరిచిపోయారు. ఆ కార్డులు, పాత జీతం చీటీలు వెతికి తీయండి. మీ కేసు చూసి ఏ డిస్పెన్సరీకి పోవాలో సంఘం ఆఫీసులో చెబుతాము.

మన వంతు

ప్రభుత్వం, యాజమాన్యం చేయవలసింది వాళ్ల చేత చేయించేలోగా మనం చేసుకోగలిగింది కూడా ఉంది. వారంలో కొన్ని రోజులైనా రాగి సంకటో రాగి జావో తినండి. నువ్వులు, మునగాకు, దొరికితే ముళ్లతో తినే చిన్న చేపలు మంచివి. సెలవు రోజున ఎండలో కాసేపు కూర్చోండి, నడవండి. బీడీ మానండి, సారా మానండి. మోరీలో సబ్బు నీళ్లు నిలవనివ్వకండి. రాత్రి లేచినప్పుడు దీపం వేసుకోండి. మసకబారిన కంటికి అద్దాలు పెట్టించండి. అలెండ్రోనేటు రాసిచ్చినవారు పరగడుపున గ్లాసెడు మంచినీళ్లతో మింగి, అరగంటదాకా పడుకోకుండా, ఏమీ తినకుండా ఉండాలి. ఎవరో వేసుకుంటున్నారని సొంతంగా కొనుక్కోవద్దు. ఏళ్ల తరబడి వాడితే అరుదుగా దవడ ఎముకకు, తొడ ఎముకకు చెరుపు చేయవచ్చు. వైద్యుడి లెక్కలోనే వాడాలి, ఎప్పుడు ఆపాలో అతనే చెప్పాలి.

వచ్చే పగారు రోజున గేటు దగ్గర సంఘం తరఫున కాటా, టేపు పెడుతున్నాము. మీ వయసు, బరువు, ఎత్తు, పాత విరుగుళ్లు, వాడిన మాత్రలు రాసిన కాగితం మీకే ఇస్తాము. యాజమాన్యానికి ఒక్క పేరు కూడా పోదు. ప్రమాదం ఎక్కువ ఉన్నవారెందరో మొత్తం లెక్క మాత్రం తీసి, దానితో ఈ.ఎస్.ఐ. అధికారుల దగ్గరకు, లేబరు కమిషనరు ఆఫీసుకు ఊరేగింపుగా పోతాము. రిటైరైన అన్నలను, ఇంట్లో ఉన్న వదినలను, అవ్వలను వెంటబెట్టుకు రండి. నడవలేనివారి వివరాలు రాసుకురండి.

కాళ్లున్నప్పుడే నడుద్దాం, ఎముక గట్టిగా ఉన్నప్పుడే పిడికిలి బిగిద్దాం!

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!

– కార్యదర్శి